అవతలి సమాధులకు ఎర్రగుడ్లు

గుడ్లను బుట్టలో పేర్చేటప్పుడు కూడా జిమ్షేర్ చేతులు ఆపిల్ వ్యాపారం మరిచిపోలేదు. అడుగున ఎండుగడ్డి, దాని మీద పెద్దవి, సందుల్లో చిన్నవి, మళ్లీ గడ్డి. సరుకు ఒకదానికొకటి ఒరుసుకోకూడదు, అలాగని కదలనూ కూడదు. గోరీ పట్టణం సంతకు లారీల కొద్దీ పెట్టెలు పంపిన చేతులవి. పొట్టి వేళ్లు, వెడల్పు అరచేతులు, ఎప్పుడో కాటా గొలుసు తగిలి చీలిన బొటనవేలి గోరు. నిన్న మంజిష్ఠ వేరు ఉడికించి గుడ్లకు రంగు వేస్తే ఆ చీలికలో ఎరుపు ఇంకిపోయింది. ఎంత తోమినా పోలేదు.

బుట్టలో ఉన్నవన్నీ అతనివి కావు. ఇళ్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్న ఆ కాందిశీకుల కాలనీలో, వాష్లియానీ ఊరి నుంచి వచ్చిన ప్రతి ఇంటివాళ్లూ తలా ఒకటి తెచ్చి ఇచ్చారు. ప్రతి గుడ్డు మీదా సూదితో గీసిన గుర్తు ఉంది. ఒకదాని మీద దువ్వెన, ఒకదాని మీద కొడవలి, ఇంకోదాని మీద చేప. ఎవరి గుర్తు వాళ్ల చనిపోయినవాళ్లకు తెలుస్తుందని నమ్మకం. వాళ్లకు తెలియకపోయినా, అవతల బుట్ట అందుకునే జలీనాకు తెలుస్తుందని ధీమా.

"ఒరేయ్ జిమ్షేర్, నాది అడుగున పెట్టకు, చితుకుతుంది" అంటూ పక్కింటి త్సియాలా ముసలమ్మ కర్ర టకటకలాడిస్తూ లోపలికి వచ్చింది. "మా ఆయనకి ద్రాక్షగుత్తి గీశాను. కిందటేడు ఆయనకి ఇంకెవరిదో పోయినట్టుంది. కల్లోకొచ్చి తిట్టాడు."

"బతికుండగా నోరెత్తని మనిషి, చచ్చాక తిట్టాడా అత్తా?"

"బతికుండగా నేను ఎత్తనిస్తేగా!" అని ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. "గడ్డం గీశావు. చొక్కా ఇస్త్రీ. ముళ్లతీగ దగ్గరికి పోతున్నావా, పెళ్లిచూపులకా?"

"పండగ కదా."

"పండగ నిన్న. ఇవాళ చచ్చినవాళ్ల రోజు. ఆ జలీనాకి మొగుడున్నాడురా."

"తెలుసు. ఏటా వాడి కాయలు కొన్నది నేనే."

త్సియాలా నోరు మూసుకుని నవ్వింది. పోతూ పోతూ గుమ్మంలో ఆగి, మాట మార్చి, "మా ఆయనకి పండగొచ్చిందని గట్టిగా చెప్పమను. చెవుడు" అంది.

ఈస్టర్ మర్నాడు సోమవారం సమాధుల దగ్గరికి పోవాలి. ఎర్రగుడ్డు మట్టి మీద దొర్లించి, క్రీస్తు లేచాడని చెప్పి, ఇంత ద్రాక్షసారా పోసి రావాలి. ఎవరో ఒకరు వెళ్లి చెబితే తప్ప మట్టి కింద ఉన్నవాళ్లకు పండగ వచ్చిన సంగతి తెలియదు. కొన్నేళ్ల కిందట ఆగస్టులో వచ్చిన యుద్ధంలో వాష్లియానీలోని జార్జియన్లు చేతికందింది పట్టుకుని ఇటు వచ్చేశారు. జలీనా లాంటి ఒసేతియన్లు అక్కడే ఉండిపోయారు. చనిపోయినవాళ్లు ఎటూ కదలలేదు. ఆ తర్వాత అవతలి సైనికులు వచ్చి పొలాల మధ్య ముళ్లతీగ లాగారు.

జిమ్షేర్ భార్య ఎతేరి ఆ యుద్ధానికి ముందరి శీతాకాలంలోనే పోయింది. ఊరి పైన పియర్ చెట్ల వరస దాటాక ఆమె సమాధి. రాయి చెక్కించడానికి ఇచ్చాడు. అది తయారై వచ్చేలోగా దారి మూసుకుపోయింది. ఆ రాయి ఇప్పటికీ గోరీ పట్టణంలో శిల్పి పెరట్లో గోడకు ఆనించి ఉంది.

బుట్టలో అతని గుడ్లు రెండే. ఒకటి ఎతేరికి, దాని మీద కత్తెర గుర్తు. ఆమె ఊరందరికీ బట్టలు కుట్టేది. రెండోదాని మీద ఏ గుర్తూ లేదు. దాన్ని అన్నిటికంటే పైన, గడ్డిలో గూడు చేసి పెట్టాడు.

తన నీవా జీపు ఎక్కి బుట్టను పక్క సీట్లో పెట్టి, దానికి బెల్టు కూడా కట్టాడు.

యుద్ధం అయ్యాక పాత భాగస్వాములు తిబిలిసీ టోకు మార్కెట్టుకు రమ్మన్నారు. దుకాణం చూపించారు. పోలేదు. అప్పటికే హక్కుల సంఘం వాళ్లు తీగ వెంబడి ఊళ్లలో తిరగడానికి మనిషి కోసం వెతుకుతున్నారు. ఎవరిని పట్టుకుపోయారు, ఎప్పుడు వదిలారు, కొట్టారా, నిన్న ఆ గట్టు మీదున్న సరిహద్దు బోర్డు ఇవాళ ఎవరి తోటలోకి జరిగింది, ఇవీ తెలుసుకుని రావాలి. జీతం చూస్తే ఎవరూ చేరరు. జిమ్షేర్ చేరాడు. మతి పోయిందన్నారు తెలిసినవాళ్లు. అతని లెక్క వేరు. మామూలు మనిషి తీగ దగ్గరికి పోతే మన పోలీసులే వెనక్కి పంపేస్తారు. సంఘం కార్డున్నవాడు చివరిదాకా పోవచ్చు. చివరిదాకా పోతే, ఆకాశం శుభ్రంగా ఉన్న రోజున, పియర్ చెట్లు కనిపిస్తాయి. ఆ బేరంలో తనకే లాభమని అతను అనుకున్నాడు.

సంఘానికి కొన్ని కట్టుబాట్లున్నాయి. అటు అడుగు పెట్టకూడదు. తీగ మీదుగా ఏదీ ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు. ఒప్పుకోని మనిషి మాట రాయకూడదు. మొదటిదీ చివరిదీ అతను ఏనాడూ తప్పలేదు. మధ్యదాన్ని ఏడాదికి ఒక్క పూట పక్కన పెట్టేవాడు.

మగ్రానీ ఊళ్లో గెలా ఇంటి ముందు జీపు ఆపాడు. గెలా పాతికేళ్ల కుర్రాడు. జొంజొలీ కోసం అడవి అంచుకు పోయి దొరికిపోయాడు. వసంతంలో ఆ తెల్లమొగ్గలు కోసి ఉప్పులో ఊరబెట్టుకోనిదే ఇక్కడ ఏ ఇంట్లోనూ ముద్ద దిగదు. మంచి పొదలన్నీ తీగ అటువైపే మిగిలాయి. ఏటా ఎవరో ఒకరు వెళ్తారు, ఏటా ఎవరో ఒకరు దొరుకుతారు. గెలాను నిన్ననే వదిలారు.

జిమ్షేర్ ఎవరినీ 'ఏం జరిగింది' అని అడగడు. పెట్టె పైవరసలో ఎవరైనా మంచి కాయలే పేరుస్తారు. మాటలూ అంతే. అడుగు వరస బయటికి రావాలంటే చిన్న ప్రశ్న వేయాలి.

"వాళ్లు కనబడ్డప్పుడు నీ చేతిలో ఏముంది?"

"సంచి. సగం నిండింది."

"పడేశావా?"

"ఎందుకు పడేస్తాను? లాక్కున్నారు. వదిలేటప్పుడు బెల్టిచ్చారు, బూట్ల తాళ్లిచ్చారు. సంచి మాత్రం ఇవ్వలేదు బాబాయ్."

"ఈపాటికి ఊరబెట్టేసి ఉంటారు."

"వాళ్లకి చేతకాదు. ఉప్పు ఎక్కువేస్తారు" అని గెలా నవ్వాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. తల్లి వైపు చూశాడు.

జిమ్షేర్ ఆ చూపు అందుకున్నాడు. "వదినా, పండగ రొట్టె ఏమైనా మిగిలిందా? పొద్దున్నించి ఏమీ తినలేదు" అన్నాడు. తల్లి వంటింట్లోకి వెళ్లింది. గెలా ప్యాంటు పైకి మడిచి మోకాలి వెనక భాగం చూపించాడు. అక్కడ చర్మం కమిలి రేగుపండు రంగులో ఉంది. గొంతు తగ్గించి, వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగినప్పుడల్లా తనూ ఆగి, మిగతాది చెప్పాడు.

"రాయనా?"

"రాయి. పేరుతోనే రాయి. నాకేం భయం?"

"భయం నీకు కాదు, మీ అమ్మకి. ఆలోచించుకుని చెప్పు."

గెలా ప్యాంటు కిందికి దించుకున్నాడు. "రాయి బాబాయ్."

జిమ్షేర్ రాసుకున్నాడు. తల్లి తెచ్చిన తీపిరొట్టె ముక్క, ఆకలి లేకపోయినా, మొత్తం తిన్నాడు.

ఊరు దాటాక ఫోను మోగింది. సంఘం ఆఫీసు నుంచి సలోమే. చదువుకున్న పిల్ల, మాట మెత్తన, పట్టు గట్టి.

"బాబాయ్, తీగ వెంబడి కొత్త స్తంభాలు పాతారు. వాటి మీద కెమెరాలున్నాయి. ఇవాళ దయచేసి ఏదీ అటు ఇవ్వకండి."

"నేనెప్పుడు ఇచ్చాను తల్లీ?"

"ఏటా ఇస్తారని నాకు తెలుసు. ఏటా తెలియనట్టు ఊరుకున్నాను. ఈసారి దొరికితే మీ ఒక్కరితో పోదు. 'మీ మనిషే సరిహద్దు తప్పుతాడు, మీ మాటేం నమ్ముతాం' అంటారు. మనం రాసిందంతా చెత్తబుట్టలోకి పోతుంది."

"సరే" అన్నాడు.

పక్క సీట్లో బుట్ట బెల్టు కట్టుకుని కూర్చుని ఉంది. ఒక పక్క గెలా లాంటి వాళ్ల మాటలు, ఏళ్ల తరబడి ఇంటింటికీ తిరిగి పోగుచేసినవి. ఇంకో పక్క కాలనీలో కిటికీల దగ్గర కూర్చుని సాయంత్రానికి కబురు కోసం ఎదురుచూసే ముసలివాళ్లు. ఎటు తూచినా నష్టమే. నష్టం తప్పనప్పుడు వ్యాపారి తరుగు తక్కువైనదే ఎంచుకుంటాడు. జిమ్షేర్ జీపును రోడ్డు దించి, వాగు వెంట పోనిచ్చాడు. కెమెరా ఎంత పెద్దదైనా వాగు పల్లంలో కంపపొదల వెనకాలకు చూడలేదని అతనికి గట్టి నమ్మకం. అయినా ముందు గట్టు ఎక్కి స్తంభాలు ఎక్కడున్నాయో చూసుకున్నాడు. ఒకటి దగ్గర్లోనే ఉంది. దాని తలకాయ నెమ్మదిగా అటూ ఇటూ తిరుగుతోంది.

గట్టు మీద నుంచి వాష్లియానీ కనిపిస్తుంది. అతని ఇంటికి ఇప్పుడు కప్పు లేదు. తోటలో చెట్లు కత్తిరింపు లేక అడ్డదిడ్డంగా పెరిగి, అయినా సిగ్గులేకుండా పూశాయి. దానికి రెండిళ్ల అవతల జలీనా ఇంటి పొగగొట్టం. దాంట్లోంచి సన్నటి పొగ. వారంలో ఏ రోజు వచ్చినా అతను మొట్టమొదట చూసేది ఆ పొగనే. చలికాలమంతా చూశాడు. అది లేస్తుంటే ఆమె పొయ్యి ముందు కూర్చుని ఉందని, మోచేతుల దాకా పిండి ఉందని అనుకునేవాడు. అలా అనుకోవడంలో తప్పేమీ కనిపించలేదు. మనిషికి ఆ మాత్రం నిల్వసరుకు ఉండాలి.

జలీనా ఎతేరి స్నేహితురాలు. ఇద్దరూ ఒకే మిషను మీద కుట్టుకునేవాళ్లు. ఒకరి పిండి ఒకరు అప్పు తెచ్చుకునేవాళ్లు. ఎతేరి మంచాన పడినప్పుడు ఆమె ఒళ్లు తుడిచింది జలీనాయే. ఊరు విడిపోయిన మూడో ఏడు, ఈస్టర్ మర్నాడు, తీగ దగ్గర తచ్చాడుతున్న జిమ్షేర్‌ని చూసి ఆమే పిలిచింది. "గుడ్డు తెచ్చావా? ఇటివ్వు. నేను దొర్లిస్తాను." అప్పటి నుంచీ ఏటా ఇదే చోటు. ఆమె తోలు తొడుగులు వేసుకుని తీగ ఎత్తుతుంది, అతను బుట్ట తోస్తాడు. నాలుగు మాటలు. ఎతేరి సమాధి మీద గడ్డి పీకానని, మంచుకు ఒక పక్క కుంగిందని, మట్టి పోశానని చెబుతుంది. అతను గుర్తులేని గుడ్డు తీసి 'ఇది నువ్వు తిను' అంటాడు. ఆమె అక్కడే, అతను చూస్తుండగానే, ఒలుచుకుని తినేది. ఉప్పు లేదని ప్రతిసారీ సణిగేది. ఈసారి అతను చొక్కా జేబులో కాగితం పొట్లంలో ఉప్పు తెచ్చాడు.

కంపపొద కింద కూర్చున్నాడు. తీగ అవతల గడ్డి నడుమెత్తు పెరిగింది. వాగులో మంచు కరిగిన నీళ్లు బురదరంగులో పోతున్నాయి. ఆమె రావలసిన వేళ దాటింది. అతను చొక్కా మడతలు సరిచేసుకున్నాడు. తర్వాత మళ్లీ సరిచేసుకున్నాడు.

గడ్డి కదిలింది. వచ్చింది జలీనా కాదు. పొడుగాటి మనిషి, నడుం వంగింది, నెత్తిన గొంగడి టోపీ. జలీనా మొగుడు సొస్లాన్.

"ఇంకా బతికే ఉన్నావా, తూకాల దొంగా?"

"నీ పురుగు కాయలు తిన్నా బతికే ఉన్నాను. క్రీస్తు లేచాడు."

"నిజంగానే లేచాడు" అని సొస్లాన్ గడ్డిలో చతికిలబడ్డాడు. "బుట్ట ఇటు తొయ్యి. ఆ స్తంభం మీది కన్ను ఇటు తిరక్కముందే."

"జలీనా ఏది?"

"ముందు బుట్ట తొయ్యవయ్యా."

"ఏదిరా జలీనా?"

సొస్లాన్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "ఆవిడకీ ఒక గుడ్డు పెట్టాలి" అన్నాడు.

జిమ్షేర్‌కు ఆ మాట అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక నోటికి వచ్చిన మాట విని తనే ఆశ్చర్యపోయాడు.

"పొగ వస్తోంది కదా! రోజూ చూస్తున్నాను."

"నాకు చలెయ్యదా?"

సొస్లాన్ గడ్డిపరక తుంపుతూ, ఎవరికో కబురు అప్పజెబుతున్నట్టు చెప్పాడు. పెద్ద మంచు పడిన వారంలో జలీనాకు కడుపునొప్పి వచ్చింది. పొద్దున్నే బండిలో పడుకోబెట్టి సరిహద్దు గేటు దగ్గరికి తీసుకుపోయాడు. గేటు దాటితే మీ వైపు ఆసుపత్రి, దాని కప్పు కూడా కనిపిస్తుంది. కాగితం రావాలన్నారు కాపలావాళ్లు. కాగితం పట్నం నుంచి రావాలి. మావైపు ఆసుపత్రికి పోదామంటే కనుమ దారి మంచుతో మూసుకుపోయింది. పొద్దు వాలేదాకా ఆ గేటు ముందే ఉన్నారు. ఆమె మొదట్లో మూలిగింది. తర్వాత గేటు కాసే కుర్రాడికి చేతులకి తొడుగుల్లేవని, వేళ్లు ఎర్రబడ్డాయని, వాడి అమ్మ ఎక్కడుందో అని మాట్లాడింది. తర్వాత ఏమీ మాట్లాడలేదు.

"కాగితం వచ్చింది" అన్నాడు సొస్లాన్. "రాలేదని నేననను."

జిమ్షేర్ నోటుపుస్తకం తడుముకున్నాడు. ఇన్నేళ్లలో ఎన్నో గుమ్మాల్లో అడిగిన మాట. ఇంత కష్టంగా ఎప్పుడూ బయటికి రాలేదు.

"రాయనా?"

"వద్దు."

"పేరు మారుస్తాం. ఊరు పేరు తీసేస్తాం."

"ఆ రోజు గేటు ముందు ఆగింది మా బండి ఒక్కటే. పేరు మారిస్తే వాళ్లకి తెలియదా? కోడలు ఇక్కడే ఉంది. మనవరాలు ఇక్కడే బడికి పోతోంది. మీరు రాసుకుని మీ ఊళ్లకి పోతారు. మేం ఇక్కడే ఉండాలి కదయ్యా."

"ఒక్కసారి ఆలోచించు సొస్లాన్. ఎక్కడా ఒక్క ముక్క లేకుండా..."

"వద్దన్నాను."

దారి తప్పి అటు వెళ్లిన ఆవు సంగతి రాశాడు జిమ్షేర్. ఎండిపోయిన కాలువ సంగతి రాశాడు. ఇవాళ పొద్దున సగం సంచి జొంజొలీ రాశాడు. ఒప్పుకోని మనిషి మాట రాయకూడదు. ఆ కట్టుబాటు ఎంత బరువో, ఇన్నాళ్లూ దాన్ని మోస్తూ కూడా అతనికి తెలియలేదు. తల ఊపాడు.

స్తంభం మీది కన్ను అటు తిరిగింది. సొస్లాన్ కోటు జేబుల్లోంచి తోలు చేతితొడుగులు తీసి, తొడుక్కోబోయాడు. వేళ్లు సగం వరకే దూరాయి. అలాగే అడుగు తీగ పట్టుకుని పైకి ఎత్తాడు. జిమ్షేర్ బుట్ట తోశాడు. గడ్డి మీద జారుతూ అది అవతలికి వెళ్లింది.

సొస్లాన్ గడ్డి పక్కకి తీసి చూసి ముఖం చిట్లించాడు. "దువ్వెనేంటి, చేపేంటి? ఏది ఎవరిదో నాకేం తెలుసు? అదంతా ఆవిడ చూసుకునేది."

"తలా ఒకటి పెట్టు. తర్వాత వాళ్లలో వాళ్లు చూసుకుంటారు. కత్తెర గుర్తు మాత్రం ఎతేరిది."

"ఈ పైదానికి గుర్తే లేదు."

"అది జలీనా తినడానికి తెచ్చాను."

సొస్లాన్ ఆ గుడ్డును అరచేతిలో పెట్టుకుని చూశాడు. "ఏటా తెచ్చేవాడివా?"

"ఏటా."

"ఆవిడ నాకెప్పుడూ చెప్పలేదు. ఒక ముక్కైనా పెట్టలేదు." మాటలో కోపముంది, అంతకంటే ఎక్కువ ఇంకేదో ఉంది. గుడ్డును కోటు లోపలి జేబులో విడిగా పెట్టుకున్నాడు. "ఎతేరి పక్కనే పాతిపెట్టాం. తనే అడిగింది. పియర్ చెట్టు వేరు అడ్డమొస్తే నరికాను. నరకకూడదేమో గానీ, వేరే చోటు వద్దంది."

జిమ్షేర్ జేబులోంచి ఉప్పు పొట్లం తీసి తీగ కిందుగా ఇచ్చాడు. సొస్లాన్ అదేమిటని అడగలేదు. పుచ్చుకున్నాడు.

"త్సియాలా మొగుడికి గట్టిగా చెప్పు" అన్నాడు జిమ్షేర్. "చెవుడు."

"వాడికి బతికుండగానే చెవుడు. వినబడుతూ కూడా వినేవాడు కాదు." సొస్లాన్ లేచాడు. వేళ్ల చివర వేలాడుతున్న తొడుగులు పీకి, వాటిని ఏం చేయాలో తోచనట్టు అటూ ఇటూ తిప్పాడు. "ఇవి ఆవిడవి. నాకు పట్టవు. వచ్చే ఏటికి నేను ఉంటానో లేదో. కోడలొస్తే దీనికే పనికొస్తాయి" అంటూ తీగ పక్కనున్న కంపకొమ్మకు వాటిని తగిలించాడు. బుట్ట చంకన పెట్టుకుని గడ్డిలోకి నడిచాడు. కొంత దూరం వంగిన వీపు కనిపించింది. తర్వాత గడ్డి మాత్రమే కనిపించింది.

ఫోను మోగింది.

"ఇవాళ్టికి ఏమున్నాయి బాబాయ్?" అంది సలోమే.

"గెలాది. పేరుతో రాయమన్నాడు. కాలి వెనక దెబ్బలున్నాయి, రేపు డాక్టరుకి చూపించాలి."

"ఇంకేమైనా?"

జిమ్షేర్ గట్టు వైపు చూశాడు. పొగగొట్టం ఇక్కడికి కనిపించదు.

"ఇంకేం లేవు" అన్నాడు.

"గొంతు బాగాలేదేం? అటేమీ ఇవ్వలేదు కదా?"

"ఇచ్చాను తల్లీ. వచ్చాక తిట్టు."

ఆమె తిట్టలేదు. జాగ్రత్తగా రండి బాబాయ్ అని పెట్టేసింది.

అతను లేచి బట్టలకు అంటిన గడ్డి దులుపుకున్నాడు. కాలనీలో కిటికీల వెనక అందరూ కబురు కోసం చూస్తుంటారు. బుట్ట చేరిందని చెప్పాలి. ఎవరు చేర్చారో కూడా చెప్పాలి. త్సియాలా ఇక ఇస్త్రీ చొక్కా మీద పరాచికాలాడదు.

కంపకొమ్మ చేతికందే దూరంలోనే ఉంది. తొడుగుల వైపు చెయ్యి చాచాడు. తీసుకుపోతే వచ్చే ఏడు ఆ కోడలి చేతులు చీరుకుంటాయి. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తొడుగుల అరచేతుల మీద తోలు ముళ్లకు చీరి చీరి నూగు లేచింది. ఎడమదాని బొటనవేలి దగ్గర ఎర్రదారంతో దగ్గర దగ్గరగా కుట్టు వేసి ఉంది. కొమ్మ గాలికి ఊగుతున్నా ఆ తొడుగుల వేళ్లు మాత్రం, తీగ ఎత్తి పట్టుకున్నట్టే, సగం ముడుచుకుని ఉన్నాయి.